వెదికేవారికి దొరికే పుట: అంతర్జాల శోధనలో తెలుగు, ఉర్దూ వ్రాతలు

ఒక గ్రంథాలయంలో లక్ష గ్రంథాలు ఉండవచ్చు. కాని కావలసిన గ్రంథం కావలసిన వేళకు చేతికి అందని పక్షంలో, పాఠకునికి ఆ గ్రంథం ఉన్నా లేనట్లే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాదులు వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథరూపంలో వెలువరించిన ఐదు సూత్రాలలో నాలుగవదాని సారాంశం ఇదే: పాఠకుని కాలం వృథా కారాదు. కాగితపు పుస్తకాల యుగంలో చెప్పిన ఈ మాట నేటి అంతర్జాల యుగానికి మరింతగా వర్తిస్తున్నది. ఏలనన, నేటి గ్రంథాలయానికి గోడలు లేవు. ద్వారం వద్ద కూర్చుని దారి చూపే గ్రంథపాలకుడు లేడు. ఆ స్థానంలో సెర్చ్ ఇంజన్ అనే శోధన యంత్రం ఉన్నది. విద్యార్థి ఒకటి రెండు మాటలు వ్రాస్తాడు. యంత్రం కొన్ని పుటలను వరుసగా చూపుతుంది. ఆ వరుసలో లేని పుటను అతడు చూడడు.

అందువలన ఒక సంస్థ తన సమాచారాన్ని వెబ్‌సైటులో ఉంచడం ఒక పని, దానిని వెదికేవారికి దొరికేటట్లు చేయడం మరొక పని. మొదటి పనికి ధనం వెచ్చించే సంస్థలు రెండవదానిని తరచు మరచిపోతున్నవి. అది నిపుణులకు మాత్రమే తెలిసిన రహస్య విద్య అనే అపోహ ఇందుకు ఒక కారణం. నిజానికి దాని సారం మూడు మాటలలో ఉన్నది: యంత్రం చదవగల అక్షరాలతో వ్రాయడం, వెదికేవారు వాడే మాటలతో వ్రాయడం, ఉన్నదానినే శీర్షికగా చెప్పడం. ఈ మూడింటిని మన విశాఖపట్నం ఉదాహరణలతోనే పరిశీలిద్దాం.

1. శోధన యంత్రం పని చేసే విధం

అంతర్జాలంలో వెదకడానికి తొలి సాధనంగా పేర్కొనబడే ఆర్చీ 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. అలన్ ఎమ్‌టేజ్ అనే విద్యార్థి దాని సృష్టికర్త. అది దస్త్రాల పేర్లను మాత్రమే వెదికేది. పుటలలోని ప్రతి మాటను వెదికే ఆల్టావిస్టా వంటి యంత్రాలు 1995 నాటికి వచ్చినవి. 1998లో స్టాన్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ సంస్థను స్థాపించారు. నేటి శోధన యంత్రాలన్నీ స్థూలంగా మూడు దశలలో పని చేస్తున్నవి.

మొదటి దశ సంచారం. క్రాలర్ అనే కార్యక్రమం ఒక పుటను తెరచి, అందులోని లంకెల వెంట మరొక పుటకు, అక్కడి నుండి ఇంకొక పుటకు పోతూ ఉంటుంది. ఏ పుట నుండీ లంకె లేని పుట దానికి సాధారణంగా కనిపించదు. దారి లేని ఇంటికి టపా మనిషి రాలేడు కదా!

రెండవ దశ పదసూచి తయారీ. శాస్త్ర గ్రంథాల చివర ఏ పదం ఏ పుటలో ఉన్నదో తెలిపే పట్టిక ఉంటుంది. యంత్రం చేసేదీ అదే. ఒక చిన్న ఉదాహరణ చూడండి. మొదటి పుటలో ‘విశాఖ ఓడరేవు చరిత్ర’ అని ఉన్నది. రెండవ పుటలో ‘విశాఖ ఉక్కు కర్మాగారం’ అని, మూడవ పుటలో ‘భీమిలి ఓడరేవు’ అని ఉన్నవి. పదసూచిలో ‘విశాఖ’ ఎదుట 1, 2 అనీ, ‘ఓడరేవు’ ఎదుట 1, 3 అనీ నమోదవుతుంది. ఎవరైనా ‘విశాఖ ఓడరేవు’ అని వెదికినప్పుడు రెండు వరుసలలోనూ ఉన్న అంకె 1 మాత్రమే కనుక మొదటి పుట ముందుకు వస్తుంది. కోట్లాది పుటల మీద రెప్పపాటులో జరిగే పనికి మూలసూత్రం ఇంతే. ఇందులో గమనించవలసినది ఒకటున్నది: పుటలో లేని మాట పదసూచిలోకి రాదు.

మూడవ దశ క్రమనిర్ణయం. ఒకే మాట వేల పుటలలో ఉన్నప్పుడు దేనిని ముందు చూపవలె? పేజ్, బ్రిన్‌లు పేజ్‌ర్యాంక్ అనే పద్ధతిలో దీనికి సమాధానం చెప్పారు. ఒక పుట మరొక పుటకు లంకె ఇవ్వడం ఒక విధమైన సాక్ష్యం. పదిమంది సామాన్యుల సాక్ష్యం కంటె ఒక పెద్దమనిషి సాక్ష్యానికి న్యాయస్థానంలో విలువ హెచ్చయినట్లే, తానూ అనేక లంకెలు పొందిన పుట ఇచ్చే లంకెకు బరువు ఎక్కువ. తరువాతి కాలంలో ఇంకా అనేక ప్రమాణాలు వచ్చి చేరినవి. అయినా పుట విషయం, దాని విశ్వసనీయత అనేవి రెండూ నేటికీ ప్రధానాలే.

2. అక్షరం వేరు, అక్షరపు బొమ్మ వేరు

మన భాషలకు అసలు చిక్కు రెండవ దశలోనే వచ్చినది. కంప్యూటరుకు అక్షరం అనగా ఒక సంఖ్య. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు కేటాయించబడినవి. ‘వ’ అక్షరం సంఖ్య 3125. గుడి సంఖ్య 3135. ఈ రెండూ వరుసగా వచ్చినప్పుడు తెర మీద ‘వి’ కనబడుతుంది. విజయనగరంలో టైపు చేసినా, అమెరికాలో టైపు చేసినా అవే సంఖ్యలు. అందుచేత యంత్రం ఒకదానితో మరొకదానిని పోల్చగలుగుతుంది.

యూనికోడ్ ప్రమాణం 1991లోనే వెలువడినా, సామాన్య కంప్యూటర్లలో తెలుగుకు చోటు దొరకడానికి కాలం పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి లభించింది. ఈలోగా పత్రికలు, ముద్రణాలయాలు ఎవరి ఖతులు వారు తయారు చేసుకున్నవి. వాటిలో లోపల నిలువ ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. తెరమీద మాత్రం వాటికి తెలుగు వేషం. మనిషి కంటికి అది తెలుగు. యంత్రానికి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఇటువంటి వ్రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణాన్ని నిర్మించారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభం కావడంలోనూ ఆయనదే తొలి చొరవ. తెలుగులో వెదికి తెలుగులో చదవగల పెద్ద విజ్ఞాన భాండారం ఆ విధంగా యూనికోడ్ పునాది మీదనే పెరిగినది.

ఉర్దూ చరిత్ర కూడా ఇటువంటిదే, ఇంకొంచెం కఠినమైనది. నస్తాలీఖ్ లిపి వంపులను యంత్రానికి నేర్పడం దుస్సాధ్యమని చాలకాలం భావించారు. మీర్జా అహ్మద్ జమీల్ కృషితో 1981 ప్రాంతంలో నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాత కాతిబుల చేతివ్రాత స్థానంలో కంప్యూటరు కూర్పు సాధ్యమైనది. 1994లో మన దేశపు సంస్థే రూపొందించిన ఇన్‌పేజ్ ద్వారా అది ముద్రణాలయాలన్నిటికీ చేరినది. కాని అంతర్జాలంలోకి వచ్చేసరికి అనేక ఉర్దూ పత్రికలు పుటను బొమ్మగా మార్చి పెట్టవలసి వచ్చినది. ఎంతటి రసవంతమైన గజల్ అయినా బొమ్మగా పెట్టినంతకాలం యంత్రానికి అది ఒక చిత్రపటం మాత్రమే.

యూనికోడ్‌లో వ్రాసినప్పటికీ ఉర్దూలో ఒక సూక్ష్మం ఉన్నది. అరబ్బీ ‘కాఫ్’ సంఖ్య 1603 కాగా ఉర్దూ ‘కాఫ్’ సంఖ్య 1705. అరబ్బీ ‘యే’ 1610; ఉర్దూ ‘యే’ 1740. మాట మధ్యలో ఇవి కంటికి ఒకే విధంగా కనబడవచ్చు. అరబ్బీ కీబోర్డుతో ఉర్దూ టైపు చేసినవారి మాటకు, ఉర్దూ కీబోర్డుతో వెదికేవారి మాటకు సంఖ్యలు కలియవు. పెద్ద శోధన యంత్రాలు ఈ తేడాను చాలవరకు సవరించుకున్నా, ఒక సంస్థ తన వెబ్‌సైటులో పెట్టుకునే చిన్న వెదుకు పెట్టెకు అంత తెలివి ఉండకపోవచ్చు. కనుక ఉర్దూ వ్రాతకు ఉర్దూ కీబోర్డునే వాడడం మేలు.

బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే విద్య నేడు బాగా పెరిగినది. అయినా పాత అచ్చులోని తెలుగు ఒత్తుల వద్ద, నస్తాలీఖ్ వంపుల వద్ద అది తడబడుతూనే ఉన్నది. ఊహ మీద ఆధారపడడం కంటె అక్షరాన్ని అక్షరంగా పెట్టడమే క్షేమం.

3. ఒక ఊరికి అనేక నామాలు

యంత్రం చదవగల అక్షరాలతో వ్రాసితిమి అనుకుందాం. తరువాతి ప్రశ్న, ఏ మాటలతో వ్రాయవలె? మన నగరమే దీనికి చక్కని పాఠం. విశాఖపట్నం, విశాఖపట్టణం, విశాఖ, వైజాగ్ అనే నాలుగు పేర్లు నేడు వాడుకలో ఉన్నవి. ఆంగ్లేయుల కాలంలో దీనిని వైజాగపటం అని వ్రాసేవారు; 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రచించిన జిల్లా గెజెటీర్ ఆ పేరుతోనే వెలువడినది. 1926లో బెజవాడలో ఆరంభమై 1930లో ఇక్కడికి తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పాత ప్రచురణలలో వాల్తేరు అనే పేరు కనబడుతుంది. భీమునిపట్నాన్ని భీమిలి అనీ, పాత ఇంగ్లీషు కాగితాలలో బిమ్లిపటం అనీ అంటారు. ఉక్కు కర్మాగారాన్ని ఒకరు విశాఖ ఉక్కు అని, మరొకరు వైజాగ్ స్టీల్ అని, ఉద్యోగ ప్రకటనలు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అని పేర్కొంటున్నవి.

నగరం పేరు వంటి ప్రసిద్ధ నామాల విషయంలో ఇవన్నీ ఒకటేనని పెద్ద యంత్రాలు నేర్చుకున్నవి. కాని చిన్న ఊరి పేరు, పేట పేరు, వ్యక్తి పేరు విషయంలో ఆ జ్ఞానాన్ని ఆశించరాదు. ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్, మహ్మద్ అని ఒకే పేరును తెలుగులో నాలుగు విధాల వ్రాస్తున్నాం. మైనారిటీ, మైనార్టీ, వక్ఫ్, వఖ్ఫ్, ఉపకార వేతనం, స్కాలర్‌షిప్ — జంటలు ఎన్నైనా చెప్పవచ్చు. 2014 అక్టోబరు 12న మన తీరాన్ని దాటిన పెను తుపానుకు ఒమన్ దేశం సూచించిన పేరు హుద్‌హుద్. అది అరబ్బీలో ఒక పక్షి పేరు. ఉర్దూ తెలిసినవారు దానిని సరిగా పలికి వ్రాశారు. తెలియనివారు హుదూద్ అనీ, హుదుద్ అనీ విన్నట్లు వ్రాశారు. ఆనాటి వార్తలను నేడు వెదికే పరిశోధకుడు అన్ని రూపాలనూ వెదకవలసిందే.

దీనికి పరిష్కారం పుటను పర్యాయపదాలతో నింపడం కాదు. ప్రామాణిక రూపాన్ని శీర్షికలో ఉంచి, వాడుకలో ఉన్న రెండవ పేరును మొదటి పేరాలో సహజంగా ఒకసారి ప్రస్తావించడం చాలు. ‘భీమిలి అని పిలువబడే భీమునిపట్నం’ అన్న వాక్యంలో కృతకత్వం లేదు. రెండు దారులు మాత్రం ఉన్నవి.

తెలుగు వ్యాకరణం వలన వచ్చే చిక్కు ఒకటి ప్రత్యేకమైనది. మన విభక్తి ప్రత్యయాలు మాటకు అంటుకుని ఉంటవి. విశాఖలో, విశాఖకు, విశాఖనుండి — మనకు ఒకే మాట. పదసూచికి మూడు మాటలు. ఈ రూపాలను యంత్రం కొంతవరకు విడదీయగలిగినా, శీర్షికలో ఒకసారైనా ప్రత్యయం లేని మూలరూపం ఉండడం మంచిది.

4. పుట వ్రాసే పద్ధతి

ఒక కళాశాల ఉపకార వేతనాల ప్రకటనను వెబ్‌సైటులో పెట్టవలసి ఉన్నదనుకుందాం. సాధారణంగా ఏమి జరుగుతున్నది? నోటీసు బోర్డు మీది కాగితాన్ని ఫోటో తీసి, ‘ముఖ్య ప్రకటన’ అనే శీర్షికతో పెడతారు. గాజువాకలోనో, మధురవాడలోనో ఉన్న విద్యార్థిని రాత్రివేళ ఫోనులో ‘మైనారిటీ స్కాలర్‌షిప్ విశాఖపట్నం చివరి తేదీ’ అని వెదుకుతుంది. ఆ ఐదు మాటలలో ఒక్కటి కూడా యంత్రం చదవగల అక్షరాలలో ఆ పుటలో లేదు. అందువలన ఎక్కడో ఉన్న ప్రకటనల వ్యాపారి పుట ముందుకు వస్తుంది. గడువు దాటిన తరువాత నోటీసు ఉన్నదని తెలిసి ప్రయోజనమేమి? ఒక సంవత్సరపు ఫీజు, ఒక్కొక్కప్పుడు ఒక చదువు, ఇటువంటి చిన్న అజాగ్రత్త వలన నష్టం కావచ్చు. ఈ క్రింది నియమాలు అట్టి నష్టాన్ని నివారించగలవు.

మొదటిది, శీర్షిక. పుటలోని విషయం ఏమిటో, ఎవరికో, ఏ సంవత్సరానికో శీర్షిక చెప్పవలె. ‘ముఖ్య ప్రకటన’ కంటె ‘డిగ్రీ విద్యార్థులకు మైనారిటీ స్కాలర్‌షిప్ దరఖాస్తు: చివరి తేదీ, కావలసిన పత్రాలు’ అనేది మేలు. ప్రతి పుటకు వేరు శీర్షిక ఉండవలె.

రెండవది, ఒక పుటకు ఒక విషయం. ప్రవేశాలు, పరీక్షలు, క్రీడలు అన్నీ ఒకే పుటలో కుక్కితే ఏదీ దొరకదు.

మూడవది, ఉపశీర్షికలు. అర్హత ఏమిటి, ఎక్కడ దరఖాస్తు చేయవలె, ఏ పత్రాలు కావలె అని విద్యార్థి అడిగే ప్రశ్నలే ఉపశీర్షికలైతే చదివేవారికీ, యంత్రానికీ సౌకర్యం.

నాలుగవది, లంకెలు. ‘ఇక్కడ నొక్కండి’ అని వ్రాసి లంకె ఇవ్వడం కంటె ‘హాస్టలు దరఖాస్తు ఫారం’ అనే మాటలకే లంకె ఇవ్వడం ఉచితం. ముఖపత్రం నుండి ప్రతి ముఖ్యమైన పుటకు దారి ఉండవలె.

ఐదవది, బొమ్మలకు వివరణ. ప్రతి ఛాయాచిత్రానికి అది దేనిదో తెలిపే ఒక వాక్యాన్ని జత చేయవచ్చు. అది యంత్రానికి మాత్రమే కాదు, చూపులేని విద్యార్థులకు పుటను చదివి వినిపించే సాధనాలకూ ఆధారం.

ఆరవది, భాషలు. ఒకే ప్రకటన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో ఉన్నప్పుడు మూడు పుటలుగా పెట్టి, ఒకదాని నుండి మరొకదానికి లంకె ఇవ్వవలె. ఉర్దూ పుట కుడి నుండి ఎడమకు నడుస్తుందని దాని నిర్మాణంలోనే సూచించవలె.

ఏడవది, ఫోను. మన విద్యార్థులలో అనేకులకు కంప్యూటరు లేదు, చేతి ఫోనే సర్వస్వం. ఫోనులో కనబడే రూపాన్నే ప్రమాణంగా తీసుకుంటామని గూగుల్ 2016లో ప్రకటించి క్రమంగా అమలు చేసినది. చిన్న తెరమీద త్వరగా తెరచుకోని పుట విద్యార్థికీ భారమే.

ఎనిమిదవది, ద్వారం తెరచి ఉంచడం. యంత్రం ఎక్కడికి రావచ్చునో, ఎక్కడికి రాకూడదో తెలిపే రోబోట్స్ అనే చిన్న దస్త్రం 1994లో మార్టిన్ కోస్టర్ సూచనతో వాడుకలోకి వచ్చినది. నిర్మాణ కాలంలో ‘రావద్దు’ అని వ్రాసి, ప్రారంభోత్సవం తరువాత దానిని తొలగించని వెబ్‌సైట్లు లేకపోలేదు. అట్లే, పుటల పట్టికను యంత్రానికి అందించే సైట్‌మ్యాప్ పద్ధతి 2005లో వచ్చినది. ఏ మాటలతో వెదికినప్పుడు మన పుట కనబడినదో సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం చూపుతుంది. నెలకొకసారి దానిని చూచినచో విద్యార్థుల అవసరాలేమిటో కళాశాలకు తెలియగలవు.

5. వక్రమార్గాలు

ఎక్కడ వరుస ఉన్నదో అక్కడ వరుస తప్పించేవారూ ఉంటారు. తెల్లని పుట మీద తెల్లని అక్షరాలతో మాటలను దాచడం, ఒకే మాటను వందసార్లు వ్రాయడం, లంకెలను కొనడం వంటి ఉపాయాలు ఒకప్పుడు కొంత ఫలించినవి. 2006 ఫిబ్రవరిలో బి. ఎం. డబ్ల్యు. అనే ప్రఖ్యాత కార్ల సంస్థ జర్మనీ వెబ్‌సైటును, యంత్రానికొక పుట మనిషికొక పుట చూపినదన్న కారణంగా, గూగుల్ కొద్దికాలం తన సూచి నుండి తొలగించినది. అంతటి సంస్థకే మినహాయింపు లేకపోయినది. పుట లోపల రహస్యంగా పెట్టే కీలకపదాల జాబితాను క్రమనిర్ణయంలో లెక్కించడం లేదని గూగుల్ 2009లో బాహాటంగా చెప్పినది. అయినను ‘మీ పుటను మొదటి స్థానంలో నిలుపుతాం’ అని వాగ్దానం చేస్తూ రుసుము అడిగేవారు నేటికీ ఉన్నారు. అట్టి హామీ ఇవ్వగల అధికారం ఎవరికీ లేదని సంస్థలు గ్రహించడం మంచిది.

6. నేటి మార్పు, మన కర్తవ్యం

ఇటీవలి సంవత్సరాలలో శోధన స్వరూపం మారుతున్నది. యంత్రం పుటల వరుసను చూపడంతో ఆగక, తానే సమాధానం కూర్చి చెబుతున్నది. ఇందువలన పైన చెప్పిన పాఠం పాతబడినదా? కాదు, మరింత అవసరమైనది. యంత్రం తాను చదివినదాని నుండియే చెప్పగలదు. విశాఖ ముస్లిముల చరిత్ర గురించి, కోస్తాంధ్రలో ఉర్దూ బోధన గురించి, మన ఓడరేవు కార్మికుల జీవితం గురించి స్థానికులు వ్రాసినది చదవగల అక్షరాలలో లేనప్పుడు, అది ఇతరులు దూరం నుండి వ్రాసినదానినే మనకు తిరిగి చెబుతుంది. మన గురించిన మాట మన నుండి రాకపోవడం కంటె పెద్ద లోపం ఏమున్నది?

కళాశాల వార్షిక సంచికలు ఈ దృష్టితో చూడదగినవి. తెలుగు భాగం ఎడమ నుండి, ఉర్దూ భాగం కుడి నుండి ఆరంభమయ్యే ఇటువంటి సంచికలలో విద్యార్థుల తొలి కథలు, అధ్యాపకుల వ్యాసాలు, కళాశాల చరిత్ర నిక్షిప్తమై ఉన్నవి. కొద్ది వందల ప్రతులు అచ్చయి, పంచబడి, కొన్నేళ్లకు బీరువాలలో మిగిలిపోతున్నవి. ఈ విషయమై రెండు సూచనలు చేయవచ్చు.

కళాశాల కమిటీ పెద్దలకు మనవి ఏమనగా, సంచికను ముద్రణకు ఇచ్చేటప్పుడే తెలుగు, ఉర్దూ వ్యాసాల యూనికోడ్ ప్రతిని భద్రపరచే ఏర్పాటు చేయవలె. అనూ ఖతులలోను, ఇన్‌పేజ్‌లోను కూర్చిన పాత వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు లభిస్తున్నవి. ఒక్కొక్క వ్యాసాన్ని ఒక్కొక్క పుటగా, రచయిత పేరు, సంవత్సరం, విషయం తెలిపే శీర్షికతో, రచయిత అనుమతి పొంది ప్రచురించవచ్చు. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు, శ్రద్ధ కావలె.

విద్యార్థి మిత్రులకు సూచన ఇది. పది మంది ఒక బృందంగా ఏర్పడి, ఒక్కొక్కరు ఒక పాత వ్యాసాన్ని టైపు చేసి, మరొకరు అక్షరదోషాలు సరిచూడవచ్చు. తెలుగు తెలిసినవారు ఉర్దూ వ్యాసానికి రెండు వాక్యాల తెలుగు పరిచయం, ఉర్దూ తెలిసినవారు తెలుగు వ్యాసానికి ఉర్దూ పరిచయం వ్రాయవచ్చు. ఈ కృషిలో భాషలు నేర్చుకుంటారు, యంత్రం స్వభావం గ్రహిస్తారు, ఉద్యోగానికి పనికివచ్చే ఒక విద్య కూడా అలవడుతుంది.

1933లో మన ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి ఎన్నో దేశాల సరుకు ఇక్కడ దిగినది. చీటీ లేని పెట్టె ఎంత విలువైనదైనా గిడ్డంగిలోనే మిగులుతుంది. సరియైన చీటీ ఉన్న పెట్టె గమ్యం చేరుతుంది. విజ్ఞానం సంగతీ అంతే. వ్రాయడంతో రచయిత బాధ్యత సగమే తీరుతుంది. వెదికే విద్యార్థి చేతికి అది అందిన నాడే మిగిలిన సగం తీరినట్లు.